నాయుడు గారి చివరి సీజను

శనివారం ఉదయం సింగపూర్‌లో మా సెంగ్‌కాంగ్ బ్లాకు వెనక గడ్డి కోస్తున్నారు. ముగ్గురు మనుషులు మొహాలకు గుడ్డలు చుట్టుకుని, భుజాలకు యంత్రాలు తగిలించుకుని, వాలు మీద నెమ్మదిగా కదులుతున్నారు. రాత్రి వాన పడినట్టుంది. పచ్చి గడ్డి వాసన, అందులో కాస్త పెట్రోలు పొగ, తొమ్మిదో అంతస్తు దాకా ఎక్కి వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. నేను అప్పుడే చాంగీ బిజినెస్ పార్క్ నుంచి వచ్చి, బూట్లు విప్పే ఓపిక కూడా లేక కుర్చీలో కూలబడి ఉన్నాను. శుక్రవారం సాయంత్రం మొదలైన పని తెల్లారాక గాని తెమల్లేదు. పదమూడేళ్ళ మా అమ్మాయి పాలగ్లాసుతో వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "డాడీ, గో అండ్ స్లీప్ లా," అంది, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర లా తగిలించి. వెళ్తానన్నాను గాని లేవలేదు. నిద్ర కంటే ముందు ఆ వాసన వచ్చి పక్కన కూర్చుంది.

ఆ వాసన తగిలితే నాకు గుర్తొచ్చేది మా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ సన్యాసినాయుడు గారు. రెండేళ్ళ కిందట పోయారు, ఎనభై దాటాక. ఆయన కోచ్‌గా ఉన్నది ఆరేడేళ్ళు. గెలిచింది ఒక్కసారి. ఆ ఒక్కసారి గెలిచిన జట్టులో నేనూ ఉన్నాను. ఉన్నానని చెప్పుకోవడంలో ఒక చిక్కుంది, దాన్నీ దాచను.

ఆయన తాతముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చినవాళ్ళు. ఆయన పుట్టింది జొహోర్‌లో, తోట కూలీలుండే లైనింట్లో. పదేళ్ళప్పుడు సింగపూర్ వచ్చి, పెద్దయ్యాక ముప్పై ఏళ్ళు ఓడల యార్డులో వెల్డింగ్ చేశారు. ఆ యార్డు జట్టుకు సెంటర్ హాఫ్‌గా ఆడారు. ఆంధ్రదేశం ఎన్నడూ చూడలేదు. తెలుగు చదవడం రాదు. కాని ఆయన నోట్లో ఉన్న తెలుగు, వందేళ్ళ కిందట ఎవరో మూటగట్టి ఓడెక్కించి, మళ్ళీ విప్పకుండా దాచినట్టు ఉండేది. మధ్యమధ్య మలయ్ మాటలు, తమిళం మాటలు వచ్చి పడేవి. ఆయనకు ఏది ఏ భాషో పట్టింపు లేదు.

నేను సికింద్రాబాదు వాణ్ణి. నాన్న రైల్వేలో గార్డు. రైల్వే క్వార్టర్స్ మైదానంలో ఫుట్‌బాల్ నేర్చుకున్నాను. కంప్యూటర్ చదువుకు ఇక్కడికి వచ్చేటప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. చదువుకు ప్రభుత్వం సాయం చేస్తుంది, చదువయ్యాక మూడేళ్ళు ఇక్కడే పనిచేయాలి అన్న ఒప్పందం మీద సంతకం పెట్టి విమానం ఎక్కాను. మొదటి నెలలోనే జట్టు ఎంపికకు వెళ్ళాను, ఆట మీద ప్రేమ ఎంతో, హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చోవడం మీద భయం కూడా అంతే. ఆ రోజు బంతి నా రెండు కాళ్ళ మధ్య నుంచి దూరిపోయింది. ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో, "థూ, ఏం ఆట రా ఇది," అని గొణుక్కున్నాను.

గీత బయట భుజాన తువ్వాలు వేసుకుని నిలబడ్డ ముసలాయన, నా వైపు తిరక్కుండానే అన్నారు, "ఆటకేటైనాది? ఆట బాగానే ఉన్నాది. నీ కాళ్ళే మాట ఇనడం లేదు."

నేను ఆగిపోయాను.

"ఏ ఊరు?"

"సికింద్రాబాద్, సర్."

"ఇజీనారం పక్కనేనా?"

"కాదు సర్. చానా దూరం."

ఆయన తల్లి నోట విన్న ఊళ్ళు రెండో మూడో. వాటికి దూరమో దగ్గరో చెబితే తప్ప ఆయన పటంలో నాకు చోటు లేదు. కాసేపు ఆలోచించి, "సరే, తెలుగోడివి గదా, సాలు. సర్ అనకు. కోచ్ అను," అన్నారు. నా పేరు శ్రీకాంత్ అని చెప్పాను. ఆ రోజు నుంచి చివరిదాకా నేను ఆయనకు సీకాంతునే.

ఆయన శిక్షణలో గొప్ప వ్యూహాలేమీ ఉండేవి కావు. బోర్డు మీద బాణాలు గీయడం ఆయనకు రాదు. సాధన మొదలయ్యే ముందు మైదానం గేటు దగ్గర నిలబడి, లోపలికి వచ్చే ఒక్కొక్కణ్ణీ ఒకే ప్రశ్న అడిగేవారు. "పెనాట్ ఆ?" మలయ్‌లో పెనాట్ అంటే అలసట. అలిసిపోయావా అని అడగడం అన్నమాట. అడుగుతూ మన మొహం చూసేవారు కాదు, కాళ్ళు చూసేవారు. యార్డులో ముప్పై ఏళ్ళు మనుషులు నిచ్చెనలెక్కి దిగడం చూసిన కళ్ళు అవి. మడమ నేలకు ఎలా ఆనుతుందో చూస్తే మనిషిలో ఎంత మిగిలి ఉందో తెలిసిపోతుందనేవారు.

మొదట్లో అందరం లేదనే చెప్పేవాళ్ళం. కోచ్ అడిగితే అలిసిపోయానని ఏ ఆటగాడంటాడు? ఒకరోజు మా గోల్‌కీపర్ హఫీజ్ మాత్రం, "పెనాట్, కోచ్," అనేశాడు. హఫీజ్ మలయ్ కుర్రాడు, నాకంటే ఏడాది పెద్ద, ఇల్లు పాసిర్ రిస్‌లో. కోచ్ వాణ్ణి వెంటనే ఇంటికి పంపేశారు. వాడి పని అయిపోయిందనుకున్నాం. ఆ శనివారం ఆటలో మామూలుగా వాడే గోల్‌లో నిలబడ్డాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు నిజం చెప్పడం మొదలుపెట్టారు. బుధవారాలు సాధన సగంలో ఆపి అందర్నీ గడ్డి మీద పావుగంట పడుకోబెట్టేవారు. పక్క కాలేజీ వాళ్ళు కంచె అవతల నుంచి చూసి నవ్వేవాళ్ళు. "నవ్వనీ. నవ్వడానికి కూడా బలం కావాలి, ఆల బలం అలాగ పోనీ," అనేవారాయన.

నేను మాత్రం ఒక్కసారి కూడా పెనాట్ అనలేదు. మా ఇంట్లో అలిసిపోయాననడం బద్ధకానికి మారుపేరు. నాన్న జ్వరంతో కూడా గూడ్సు బండి ఎక్కి డ్యూటీకి పోయిన మనిషి. హాస్టల్లోనూ అంతే. ఎవడు ఎంత తక్కువ పడుకుంటే వాడంత గొప్ప. కోచ్ నా కాళ్ళు చూసి, నా జవాబు విని, తల పక్కకు తిప్పుకునేవారు.

మేం గెలిచిన ఏడాది నేను మూడో సంవత్సరంలో ఉన్నాను. రెండువేల సంవత్సరం రాబోతోంది. కంప్యూటర్లలో ఏడాదిని రెండంకెల్లోనే రాశారు కాబట్టి ఆ రోజు లెక్కలన్నీ తారుమారవుతాయని ప్రపంచమంతా హడలిపోతున్న కాలం. కోడు చదవడం వచ్చిన ప్రతివాణ్ణీ కంపెనీలు లాక్కుపోతున్నాయి. చదువులో భాగంగా ఆరు నెలలు బయట పనిచేయాలి. నన్ను చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక కంపెనీకి పంపారు. అప్పటికి ఎక్స్‌పో స్టేషన్ లేదు. తానా మేరాలో రైలు దిగి, బస్సెక్కి, సగం కట్టిన భవనాల మధ్య నడిచి వెళ్ళేవాళ్ళం. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా ఎవరో ఎప్పుడో రాసిన పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతకడమే పని. అక్కడి నుంచి వారంలో మూడు సాయంత్రాలు మైదానానికి పరిగెత్తేవాణ్ణి. అక్కడ బాగా చేస్తే చదువయ్యాక వాళ్ళే ఉద్యోగం ఇస్తారని మా మేనేజరు ఒకటికి రెండుసార్లు అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని వేలాడాను.

జట్టు మాత్రం ఆ ఏడు ఎవరూ అనుకోనంత బాగా ఆడుతోంది. కెప్టెన్ కెల్విన్ ముందుండి గోల్స్ కొట్టేవాడు. వెనక హఫీజ్ గోడలా నిలబడేవాడు. మధ్యలో మేమందరం ఏదో చేసేవాళ్ళం. ఇతర జట్లు చివరి ఇరవై నిమిషాల్లో నీరసించిపోతుంటే మా వాళ్ళకు ఊపిరి మిగిలి ఉండేది. గడ్డి మీద పడుకున్న బుధవారాల ఫలితమని అప్పుడు మాకు తట్టలేదు, అదృష్టం అనుకున్నాం. ఒక్కో ఆట గెలుస్తూ, మా కాలేజీ ఎప్పుడూ చేరని సెమీఫైనల్‌కు చేరాం. ఫైనల్‌కు వెళ్తే హఫీజ్‌ను చూడడానికి ఒక పెద్ద క్లబ్బు వాళ్ళు మనిషిని పంపుతారని కోచ్‌కు కబురు వచ్చింది. హఫీజ్‌కు అదే ఆఖరి సంవత్సరం. ఆ కబురు విన్న రోజు వాడు గ్లవ్స్ ఉతికి, రెండుసార్లు తిప్పి తిప్పి ఆరేశాడు.

సెమీఫైనల్ ముందు రెండు రోజులు నా ఆఫీసులో మేం సరిచేసిన ప్రోగ్రాములకు ఆఖరి పరీక్షలు జరిగాయి. రోజుకు మూడు గంటలు పడుకున్నాను. ఆట నాటి మధ్యాహ్నం గేటు దగ్గర కోచ్ ఎప్పటిలాగే అడిగారు.

"పెనాట్ ఆ, సీకాంతు?"

"లేదు కోచ్. మంచిగనే ఉన్న."

ఆయన నా కాళ్ళ వైపు చాలాసేపు చూశారు. నాతో పాటు వెనక ఆడే ఇంకో సెంటర్ హాఫ్‌కు అంతకు ముందు ఆటలో ఎర్ర కార్డు పడింది. నేను తప్ప ఆ చోట ఆడగలిగినవాడు లేడు. కోచ్ నా వీపు మీద ఒక దెబ్బ వేసి లోపలికి పంపించారు.

ఆట ముగియడానికి ఐదు నిమిషాలుంది. మేం ఒక గోల్ ముందున్నాం. అవతలివాళ్ళు దూరం నుంచి ఎత్తుగా ఒక బంతి వేశారు. హఫీజ్ గోల్ వదిలి ముందుకొస్తూ, "కీపర్" అని గట్టిగా అరిచాడు. ఆ అరుపు వింటే వెనక ఆడేవాళ్ళు పక్కకు తప్పుకోవాలి. మొదటి రోజు నేర్పే పాఠం అది. నాకు అరుపు వినబడింది. వినబడడానికీ అర్థం కావడానికీ మధ్య ఎక్కడో నేను లేను. బంతి మాత్రమే కనిపించింది. ఎగిరాను. నా మోకాలు హఫీజ్ భుజం మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు. బంతి గీత బయటికి దొర్లిపోయింది. హఫీజ్ పక్కకు ఒరిగి పడుకుని, "ఐ సెడ్ కీపర్," అన్నాడు, మెల్లగా, ఏదో సందేహం అడుగుతున్నట్టు.

మేం గెలిచాం. వాడి జత్రుక విరిగింది. మెడ కింద అడ్డంగా ఉండే ఆ ఎముక అతకడానికి ఆరు వారాలు పడుతుందన్నారు. ఫైనల్ పది రోజుల్లో ఉంది.

ఆసుపత్రిలో వాడి అమ్మానాన్నలు వచ్చాక కోచ్, నేను బయటికొచ్చి బస్‌స్టాపులో కూర్చున్నాం. సాయంత్రం ఎండ ఏటవాలుగా మా కాళ్ళ మీద పడుతోంది. ఒక బస్సు వచ్చి, తలుపులు తెరిచి, మేం ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయింది.

"మజ్జేనం నాను అడిగినప్పుడు ఏటి సెప్పినావు?" అన్నారాయన.

"మంచిగనే ఉన్న అని చెప్పిన."

"ఎన్ని గంటలు తొంగున్నావు రాత్రి?"

"మూడు గంటలు. దానికి ముందు రోజు కూడా గంతే, కోచ్."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నువ్వు అబద్ధం సెప్పినావు. నాను నమ్మినట్టు నటించినాను. నీ కాళ్ళు సూసినాక నాకు తెలీదేటి? ఇంకో మనిషి లేడు గదా అని ఆడించీసినాను. ఇందులో సగం నాది, సగం నీది. ఎవుడి సగం ఆడు మోసుకుపోవాల."

"హఫీజ్‌కు చెప్పాల్నా?"

"ఇప్పుడొద్దు. ముందు ఆడి నొప్పి తగ్గనీ."

అడగకూడదని తెలిసీ అడిగాను. "ఫైనల్ల నన్ను ఆడిస్తరా?"

"లేదు."

"శిక్షనా?"

"శిచ్చ కాదు రా. నువ్వు అలిసిపోయినావు. అంతే."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. చాలా ఏళ్ళు ఆ కోపం పోలేదు. తప్పు చేసినందుకు పక్కన పెడితే సహించేవాణ్ణి. అలిసిపోయానని పక్కన పెట్టడం నన్ను చేతకానివాణ్ణి చేసినట్టనిపించింది.

మరుసటి ఆదివారం ఉదయం కోచ్ హాస్టల్‌కు ఫోన్ చేసి, ఇంటికి రమ్మన్నారు. ఆయన ఫ్లాటు కూడా పాసిర్ రిస్‌లోనే, హఫీజ్ వాళ్ళ బ్లాకుకు రెండు వీధుల అవతల. ఆయన భార్య సత్యవతిని మేం ఆంటీ అనేవాళ్ళం. ఆమె వేడి అన్నం, చింతపండు పులుసు, వేయించిన నెత్తళ్ళు పెట్టింది. నెత్తళ్ళను ఆమె ఇకాన్ బిలిస్ అనేది, పులుసును మాత్రం పులుసే అనేది. తిన్నాక కోచ్ ఫ్యాను కింద చాప పరిచి, "తొంగో," అన్నారు. కాసేపు మొహమాటపడ్డాను. పడుకున్నాను. లేచేసరికి పక్క గోడ మీది ఎండ పోయి, ఇల్లంతా నీడగా ఉంది. ఏడు గంటలు నిద్రపోయానట. ఆంటీ నాకు టీ ఇస్తూ, కోచ్ కిందికి వెళ్ళారని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"నిన్ను తొంగోమన్నాడు గానీ బాబూ, ఈయన తొంగుని ఎన్నాళ్ళైందో అడుగు. గుండె సరిగ్గా లేదని డాక్టరు మూడు నెల్ల కిందటే సెప్పినాడు. గ్రౌండుకి ఎల్లొద్దన్నాడు. ఫైనల్ అయినాక సూద్దాం అంటాడు ఈయన. పిల్లలకి సెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నాడు. నువ్వు తెలుగోడివని సెప్తన్నాను."

నేను టీ తాగి కప్పు కడిగి పెట్టి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. మా అందరి కాళ్ళూ చూసే మనిషి కాళ్ళు మేమెవ్వరం చూడలేదని రైల్లో కూర్చున్నాక తోచింది.

ఫైనల్ రోజు పొద్దున్నుంచే మబ్బు పట్టి ఉంది. ఎర్ర కార్డు శిక్ష అయిపోయిన కుర్రాడు నా చోట ఆడాడు. హఫీజ్ చేతికి కట్టు కట్టుకుని వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు, నేను ఇంకో చివర. క్లబ్బు నుంచి వచ్చిన మనిషి ఎవరో కూడా చూడలేదు మేము. అతను చూడడానికి ఏమీ లేదు. మొదటి సగంలో కెల్విన్ గోల్ కొట్టాడు. రెండో సగం మొదలై ఇరవై నిమిషాలైందో లేదో పిడుగుల హెచ్చరిక సైరన్ మోగింది. అది మోగితే మైదానంలో ఎవరూ ఉండకూడదు. అందరూ రేకుల షెడ్డు కిందికి పరిగెత్తారు. కుండపోత వాన. చెమట పట్టిన ఒళ్ళు చల్లబడి కాళ్ళు బిగుసుకుపోయాయి. నలభై నిమిషాలు అలా కూర్చున్నాం.

కోచ్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన మొహం బూడిదరంగులోకి మారింది. తువ్వాలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నారు. నేను దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి తెలుగులో అడిగాను. ఇంకెవరికీ అర్థం కాని భాష ఒకటి మా మధ్య ఉన్నందుకు ఆ రోజు సంతోషించాను.

"కోచ్, మీకు పెనాటా?"

నా వైపు చూశారు. లేదంటారనుకున్నాను. అది అనడానికి నోరు తెరిచారు కూడా.

"ఉన్నాది రా," అన్నారు. "శానా ఉన్నాది."

"కూర్చోండి. ఆసుపత్రికి పోదాం."

"ఆట అవనీ. అయినాక నువ్వెక్కడికంటే అక్కడికి వస్తాను." బెంచీ మీద కూర్చుని, జట్టు వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నారు, "ఇక శ్రీకాంత్ చెప్తే నేను చెప్పినట్టే." మళ్ళీ నాతో తెలుగులో, "కాళ్ళు సూడు. ఎవుడు అయిపోతే ఆడిని తీసీ. మొకం సూడకు, మొకం అబద్ధం సెప్తాది."

ఆట మళ్ళీ మొదలైంది. పదకొండు మంది కాళ్ళు ఒకేసారి చూడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పది నిమిషాలకు నాకు స్పష్టంగా కనిపించినవి కెల్విన్ కాళ్ళే. మడమలు నేల మీద ఈడుస్తున్నాడు, మలుపు తిరిగేటప్పుడు ఒక అడుగు ఎక్కువ పడుతోంది. గోల్ కొట్టినవాడు, కెప్టెన్. వాణ్ణి బయటికి పిలవమని రెఫరీకి నంబరు చూపించాను. కెల్విన్ గీత దగ్గరికొచ్చి నా మొహం మీద మొహం పెట్టి, "నన్ను తీయడానికి నువ్వెవడివి? నువ్వు చేసింది చాలదా?" అన్నాడు. బెంచీ మీది నుంచి కోచ్ చెయ్యెత్తి కూర్చోమన్నట్టు సైగ చేశారు. కెల్విన్ ఆర్మ్‌బ్యాండు తీసి గడ్డి మీద పడేసి వెళ్ళి కూర్చున్నాడు.

వాడి బదులు వెళ్ళినవాడికి పెద్దగా ఆట రాదు గాని ఊపిరి ఉంది. చివరి పదిహేను నిమిషాలూ వాడు అవతలివాళ్ళ వెనక పరిగెడుతూనే ఉన్నాడు. ఆఖర్లో ఒక బంతి మా గోల్ స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. దాన్ని వాడే బురదలోంచి బయటికి తన్నాడు. రెఫరీ ఈల వేశాడు.

గెలిచినవాళ్ళు గంతులేస్తారంటారు. మా వాళ్ళలో ఎవరూ గంతులేయలేదు. ఉన్నవాళ్ళు ఉన్నచోటే తడి గడ్డి మీద వెల్లకిలా పడిపోయారు. హఫీజ్ లేచి, బాగున్న చేత్తో ఒక్కొక్కడి బూట్ల లేసులు విప్పుతూ మైదానమంతా తిరిగాడు. కోచ్ కప్పు తీసుకోవడానికి లేవలేదు. ఆట చూడడానికి వచ్చిన ఆంటీ, నేను కలిసి ఆయన్ను టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో ఒక్క మాటే అన్నారు. "కెల్విన్ని తీసినావు సూడు, నాను కూడా ఆడినే తీసుందును." ఆ మాట నన్ను సంతోషపెట్టడానికి అన్నారేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే. కెల్విన్ నాతో ఆ తర్వాత ఎన్నడూ మాట్లాడలేదు. గెలిచిన జట్టు ఫోటోలో కోచ్ లేరు, నేనూ లేను. ఫోటో తీసేటప్పటికి మేం అత్యవసర విభాగం బయట ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నాం.

ఆయన గుండెకు స్టెంటు వేశారు. మళ్ళీ కోచ్ పనికి వెళ్ళలేదు. తర్వాతి ఏడాది కాలేజీ వాళ్ళు సర్టిఫికెట్లున్న మనిషిని పెట్టుకున్నారు. అతను బోర్డు మీద బాణాలు బాగా గీసేవాడు. మేం మళ్ళీ గెలవలేదు. రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ లెక్కా తారుమారు కాలేదు. నాకు ఆ కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళ ఒప్పందం ఇరవై ఐదేళ్ళయింది. హఫీజ్‌ను ఆ క్లబ్బు వాళ్ళు మళ్ళీ అడగలేదు. వాడు విమానాల మరమ్మతు నేర్చుకుని చాంగీలో ఉద్యోగంలో చేరాడు. మా ఆఫీసులు దగ్గరే కాబట్టి నెలకోసారైనా కలిసి భోంచేసేవాళ్ళం. నా పెళ్ళికి సికింద్రాబాదు వచ్చాడు. వాడి పిల్లల పుట్టినరోజులకు నేను వెళ్ళాను. ప్రతిసారీ చెప్పాలనుకునేవాణ్ణి, ఆ రోజు నేను కోచ్‌కు అబద్ధం చెప్పి ఆడానని. మొదట వాడి నొప్పి తగ్గనీ అనుకున్నాను. తర్వాత ఉద్యోగం దొరకనీ, ఆ తర్వాత పెళ్ళి కానీ అనుకున్నాను. ఆపైన ఇంత ఆలస్యంగా చెప్పడం ఇంకా తప్పేమో అనిపించింది.

నెలకో రెండు నెలలకో పాసిర్ రిస్ వెళ్ళి కోచ్‌ను చూసేవాణ్ణి. ఎప్పుడైనా హఫీజ్ ప్రసక్తి వస్తే ఆయన, "సెప్పినావా?" అని అడిగేవారు కాదు. నేనూ ఎత్తేవాణ్ణి కాదు. ఒకసారి మాత్రం నా ఉద్యోగం గురించి అడిగి, విని, "నీకు మనుషుల్ని అప్పగించినారు గదా. ఆలు బాగున్నామంటే నమ్మీకు," అన్నారు. ప్రయత్నిస్తున్నానన్నాను. నిజానికి అప్పటికి నేనే ఎవరికీ నిజం చెప్పడం లేదు.

ఆయన పోయినప్పుడు బ్లాకు కింది ఖాళీ అంతస్తులో, ఇక్కడి ఆచారం ప్రకారం, భౌతికకాయాన్ని మూడు రోజులు ఉంచారు. ప్లాస్టిక్ బల్లలు, కుర్చీలు, వేరుసెనగలు, డబ్బా పానీయాలు. యార్డు పాత కార్మికులు, బ్లాకులోని చైనీయులు, మలయ్‌లు వచ్చి కూర్చుని పోతున్నారు. రెండో రోజు మధ్యాహ్నం హఫీజ్ వచ్చాడు, జుట్టు తెల్లబడి, కాస్త లావెక్కి. ఆంటీ చేతులు పట్టుకుని నిలబడి, తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎందుకో ఆ క్షణంలో ఇక ఆగలేకపోయాను.

"హఫీజ్, నీకొకటి చెప్పాలి. ఆ సెమీఫైనల్ రోజు," అన్నాను.

వాడు వేరుసెనగ కాయ వొలుస్తున్నవాడు ఆగాడు.

"నేను రెండు రోజులుగా నిద్రపోలేదు. కోచ్ అడిగితే బాగున్నానని చెప్పాను. నువ్వు అరిచింది నాకు వినబడింది. నీ భుజం, ఆ క్లబ్బు, అదంతా..."

"నాకు తెలుసు లా," అన్నాడు.

నేను అర్థం కానట్టు చూశాను.

"ఆ వారమే కోచ్ మా ఇంటికొచ్చారు. శ్రీకాంత్ అలిసిపోయి ఉన్నాడని నాకు తెలుసు, తెలిసే ఆడించాను, కోపం ఉంటే నా మీద పడు అన్నారు. మా అమ్మ ముందు చేతులు జోడించారు. ఇంకోటి కూడా అన్నారు. వాడు ఏదో ఒకరోజు నీకు చెప్తాడు, అప్పటిదాకా అడగొద్దు, తొందరపెట్టొద్దు అన్నారు." వొలిచిన గింజలు నా ముందుకు తోశాడు. "బట్ బ్రో, నువ్వు చాలా టైం తీసుకున్నావు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. రెండేళ్ళు ఉంది. నీ పెళ్ళికి వచ్చేనాటికి పోయింది." ఆ మాట చెప్పి లేచి, కోచ్ పటం ముందు కాసేపు నిలబడి వచ్చాడు. "కమ్, మాకన్. ఆంటీ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మనం తింటే ఆవిడ కూడా తింటుంది."

ముగ్గురం కూర్చుని తిన్నాం. ఆంటీ మా పళ్ళాల్లో అన్నం వడ్డిస్తూ ఆయన గురించి ఏవో చెబుతూనే ఉంది, సగం తెలుగు, సగం మలయ్. హఫీజ్‌కు మలయ్ సగం అర్థమవుతోంది, నాకు తెలుగు సగం.

ఆయన దగ్గర నేర్చుకున్నదంతా నాకు వంటబట్టిందని చెప్పలేను. పని వస్తే కాదనడం నాకింకా రాదు. ఆఫీసులో మా జట్టు పిల్లలు బాగున్నామంటే చాలాసార్లు నమ్మేస్తాను, నమ్మడం తేలిక కాబట్టి. కాని ఎవరైనా నా దగ్గర ఏదో దాస్తున్నారని తెలిసినప్పుడు ఇప్పుడు నేను నిలదీయను. నా వంతు తప్పు ఏముందో అది ముందు నేనే చెప్పేస్తాను. ఆ తర్వాత వాళ్ళతో కలిసి టీ తాగుతాను, వాళ్ళ పిల్లల గురించి అడుగుతాను, ఎప్పటిలాగే ఉంటాను. కొందరు వారంలో వచ్చి చెబుతారు. కొందరు ఉద్యోగం మారి వెళ్ళిపోతారు, ఎన్నటికీ చెప్పరు. నేను మాత్రం తొందరపెట్టను. నన్నెవరూ తొందరపెట్టలేదు.